మీటింగ్ లేని రోజులు



ఈ పుస్తకంలో ముందు పేజీల్లో పొదుపు ఎంత, అప్పులు ఎంత, రికవరీ ఎంత అని 2020-21 సంవత్సరం లెక్కలన్నీ ఉన్నాయి. ఆ లెక్కల్లోకి రానిది ఒకటుంది. లాక్‌డౌన్‌లో ఇళ్ళల్లో ఇరుక్కుపోయిన రోజుల్లో మన మనసులు ఏమయ్యాయి, మనం ఎట్లా తట్టుకున్నాం అనేది. దాన్ని చరిత్ర వ్యాసంలా రాయమని కార్యవర్గం అక్కలు నన్ను అడిగారు. "పదో తరగతి చదివావుగా, రాయి" అన్నారు. పదో తరగతి సాంఘిక శాస్త్రంలో నేను చదివింది రాజులూ, యుద్ధాలూ, సంవత్సరాలే. ఇంట్లో ఉండిపోయిన ఆడవాళ్ళు ఏం చేశారో అందులో లేదు. అందుకని మా అమ్మమ్మ చెప్పింది కొంత, తర్వాత పుస్తకాల్లో చదువుకుంది కొంత, నా కళ్ళతో చూసింది కొంత కలిపి రాస్తున్నాను.

ముందు మన సంగతే. 2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. సాయంత్రం అందరం గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టాం, పిల్లలు పళ్ళేలు మోగించారు. ఒక్క రోజు ముచ్చట అనుకున్నాం. 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి టీవీలో చెప్పారు, ఆ రాత్రి 12 గంటల నుంచి 21 రోజులు ఎవరూ ఇల్లు దాటకూడదని. తెల్లారితే శార్వరి నామ సంవత్సర ఉగాది. మా ఇంట్లో పచ్చడికి వేపపువ్వు ఉంది, బెల్లం ఉంది, మామిడికాయ లేదు. మావయ్య చింతపండు ఎక్కువేసి కానిచ్చెయ్యమన్నారు. ఆ ఏడాది చేదు బాగా తెలిసింది.

21 రోజులు కాస్తా మే 3 అయ్యాయి, తర్వాత మే 17, ఆ తర్వాత మే 31. ఇట్లా ఒక్కోసారి పొడిగించినప్పుడల్లా మా ఇంట్లో ఒక గొడవ. మాయన ఆటో నడుపుతారు. ఆటో పంచలో ఉంది, వాయిదా మాత్రం ఫైనాన్సులో ఉంది. రిజర్వు బ్యాంకు మూడు నెలలు వాయిదాలు ఆపుకోవచ్చని చెప్పినా, మేము తీసుకున్న చోటి నుంచి ఫోన్లు ఆగలేదు. ఫోన్ మోగితే చాలు ఆయన మొహం మారిపోయేది. ఆ రోజుల్లో మనం ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గు వినపడేది గుర్తుందా? దగ్గు, ఆ వెనక జాగ్రత్తలు. ఆ దగ్గు విని మా చిన్నోడు చెవులు మూసుకునేవాడు.

మా ఊరు మిరప ఊరు. మార్చి అంటే కోతలు, కల్లాల్లో కాయలు. గుంటూరు యార్డు మూసేశారు. కాయలు కల్లంలో, కూలీలు ఇళ్ళల్లో, డబ్బు ఎక్కడా లేదు. రేషన్ బియ్యం వచ్చాయి, కందిపప్పు వచ్చింది, ఏప్రిల్ మొదట్లో వాలంటీర్ వచ్చి వెయ్యి రూపాయలు చేతిలో పెట్టాడు, జన్‌ధన్ ఖాతాలో ఐదేసి వందలు మూడు నెలలు పడ్డాయి. కడుపుకి ఇబ్బంది కాలేదు. ఇబ్బందంతా మనసులోనే.

మగాళ్ళు ఒక మాట అనేవాళ్ళు. మీ ఇళ్ళల్లో కూడా అని ఉంటారు. "మీకేం, మీరు ఎప్పుడూ ఇంట్లో ఉండేవాళ్ళేగా. మాకే ఇది నరకం." ఈ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. నిజమేనా? మనం ఎప్పుడూ ఇంట్లోనే ఉన్నాం కదా, మరి మనకెందుకు అంత ఊపిరాడనట్టు అయింది?

దీనికి జవాబు వెతకడానికి కొంచెం వెనక్కి పోవాలి.

మా అమ్మమ్మ చిన్నప్పుడు ఊళ్ళో మశూచి వచ్చేది. ఆ పేరు పలికేవాళ్ళు కాదు, "అమ్మవారు పోసింది" అనేవాళ్ళు. మన దేశంలో మశూచి చివరి కేసు 1975 మేలో వచ్చింది, 1977లో దేశంలో ఇక లేదని ప్రకటించారు. అంతకు ముందు తరాల వాళ్ళందరికీ దాని భయం తెలుసు. గుమ్మానికి వేపమండలు కట్టిన ఇంటికి ఎవరూ వెళ్ళకూడదు, ఆ ఇంట్లోంచి ఎవరూ రాకూడదు. తాలింపు వేయరు, గట్టిగా మాట్లాడరు, అద్దంలో చూసుకోరు. బిడ్డ పక్కన తల్లి ఒక్కతే చీకటి గదిలో. అమ్మమ్మ తన తమ్ముడికి పోసినప్పుడు వాళ్ళమ్మ పడిన అవస్థ చెప్పేది. ఊరి వాళ్ళు మాత్రం గడప అవతల అన్నం పెట్టి, దూరంగా నిలబడి "ఏమ్మా, ఎట్లా ఉంది?" అని అరిచి పోయేవాళ్ళంట. "ఆ అరుపు కోసం ఎదురుచూసేదిరా మా అమ్మ. అన్నం తినకపోయినా అరుపు వినేది" అనేది అమ్మమ్మ. నేను చిన్నప్పుడు దీన్ని కథలాగా విన్నాను. 2020 ఏప్రిల్‌లో మళ్ళీ గుర్తొచ్చింది, ఎందుకో ముందు చెబుతాను.

అంతకంటే వెనక, 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో ఓడల మీద బొంబాయికి వచ్చి, అక్కడి నుంచి రైలు దారుల వెంట దేశమంతా పాకింది. దేశంలో కోటి మందికి పైగా పోయారు. మన దేశంలో ఆ జ్వరానికి మగాళ్ళ కంటే ఆడవాళ్ళు ఎక్కువ పోయారని చరిత్రకారులు రాశారు. కారణం మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. తిండి తక్కువ, గాలి రాని గది, రోగికి సేవ చేసేది ఆమె, తనకి జ్వరం వచ్చినా లేచి పొయ్యి రాజేసేది ఆమె.

అంటే ఇంట్లో ఉండిపోవడం మనకు కొత్త కాదు, నిజమే. అయితే అలవాటైందంటే తట్టుకోగలిగామని కాదు. ఓర్చుకోవడం వేరు, తేరుకోవడం వేరు. మన అమ్మమ్మలు ఓర్చుకున్నారు. ఎంతమంది తేరుకున్నారో లెక్క ఎవరి దగ్గరా లేదు.

తేరుకున్న వాళ్ళలో ఇద్దరి సంగతి చెబుతాను. ఒకరు భండారు అచ్చమాంబ గారు. 1874లో కృష్ణా జిల్లా నందిగామ దగ్గర పుట్టారు. పదేళ్ళకే పెళ్ళి. బడి మొహం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు వాళ్ళింట్లో ఉండి చదువుకుంటుంటే, ఆ తమ్ముడి చదువు పక్కన కూర్చుని ఈవిడ తెలుగు, హిందీ నేర్చుకున్నారు. తర్వాత ఇంకొన్ని భాషలు. ఒక కొడుకు, ఒక కూతురు పుట్టారు, ఇద్దరూ చిన్నతనంలోనే పోయారు. మన సంఘాల్లో అట్లాంటి దుఃఖం పడిన తల్లులు ఉన్నారు, ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో వాళ్ళకి తెలుసు. ఉయ్యాల కొక్కెం కనపడుతూనే ఉంటుంది. అచ్చమాంబ గారు ఆ ఇంట్లో కూర్చుని దేశంలో పేరు తెచ్చుకున్న ఆడవాళ్ళ చరిత్రలు సేకరించి, 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అనే పుస్తకం తెచ్చారు. అంతటితో ఆగలేదు. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఊళ్ళు తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించారు. 1905లో చనిపోయారు, అప్పటికి ముప్పై ఒకటి నిండాయో లేదో. నా కంటే చిన్న.

ఇంకొకరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఉప్పు సత్యాగ్రహం నాటి నుంచి 1933 దాకా మూడుసార్లు జైలుకెళ్ళారు. మధుర జైల్లో ఏడాది దాకా ఒంటరి గదిలో పెట్టారు. మనకి ఇంట్లో మనుషులైనా ఉన్నారు, ఆవిడకి గోడలే. ఆరోగ్యం దెబ్బతింది. బయటికి వచ్చాక ఆవిడ చేసిన పని మళ్ళీ చదువు మొదలుపెట్టడం. మెట్రిక్ నుంచి మొదలుపెట్టి ఎం.ఏ. దాకా, తర్వాత లా. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. తను చదివింది చాలక, బడి మానేసిన ఆడవాళ్ళని కూర్చోబెట్టి పరీక్షలకి తయారుచేశారు.

ఇద్దరూ పెద్ద మనుషులు, మనతో పోలికేంటి అంటారేమో. నేను చూసిన పోలిక ఒకటే. ఇద్దరూ ముందు చేతికీ బుర్రకీ ఒక పని పెట్టుకున్నారు, తర్వాత నలుగురు ఆడవాళ్ళు కూర్చునే చోటు ఒకటి కట్టారు. ఒక్కతే కూర్చుని నిబ్బరం తెచ్చుకున్నట్టు ఎక్కడా లేదు.

ఆ కూర్చునే చోటు మన దాకా ఎట్లా వచ్చిందో మీకు తెలుసు. 1982లో కేంద్ర ప్రభుత్వం డ్వాక్రా పథకం తెచ్చింది. మన రాష్ట్రంలో అది ఊపందుకుంది 1990ల్లో. దాని వెనక నెల్లూరు జిల్లా ఉంది. అక్కడ సాక్షరతా తరగతుల్లో రాత్రిపూట దీపం దగ్గర కూర్చున్న ఆడవాళ్ళకి, తాగుబోతు మొగుడి కథ ఒక పాఠంగా వచ్చింది. దూబగుంటలో ఆ పాఠం చదివి, ఇది మన ఇంటి సంగతే కదా అనుకుని, 1992లో సారా దుకాణాల మీదకి పోయారు. దూబగుంట రోశమ్మ గారి పేరు అప్పుడే రాష్ట్రమంతా వినపడింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే డబ్బు ఇంట్లో మిగిలితే రోజుకో రూపాయి దాచుకోవడం మొదలైంది. మన పొదుపు సంఘాలు వాటి పిల్లలే.

ఇక్కడ నాకు జవాబు దొరికింది. మనం ఎప్పుడూ ఇంట్లో ఉన్నవాళ్ళమే, కానీ నెలకు రెండుసార్లు ఒక గంట బయట ఉన్నవాళ్ళం. మీటింగ్ పేరు చెబితే అత్త కూడా ఏమీ అనదు. ఆ గంటలో పొదుపు కట్టడం పది నిమిషాలు, తీర్మానం రాయడం పది నిమిషాలు, మిగతాదంతా మాటలే. సి.సి. సార్ వచ్చినప్పుడు "మీటింగ్‌లో ముచ్చట్లు ఎక్కువయ్యాయమ్మా" అనేవారు. నేను కూడా లీడర్‌గా చాలాసార్లు కసురుకున్నాను, పుస్తకం రాయనివ్వండి అని. పంచసూత్రాల్లో మొదటిది సమావేశం. అది ఎందుకు మొదట పెట్టారో, మార్చి 25 తర్వాత మీటింగ్ లేకుండా పోయినప్పుడు గానీ నాకు తెలియలేదు. బయట పని, కూలి, బజారు, పుట్టిల్లు, మీటింగ్ అన్నీ ఒక్కసారే పోయాయి. ఇల్లు మాత్రం ఇదివరకటి ఇల్లు కాదు. మగాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ రోజంతా ఇంట్లోనే. టీలు రెండు నుంచి ఆరయ్యాయి. ఒంటరిగా పది నిమిషాలు కూర్చుందామంటే బాత్రూమే దిక్కు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

మా పెద్దమ్మాయి అప్పుడు పదో తరగతి. మార్చి 31 నుంచి పరీక్షలు అన్నారు, వాయిదా వేశారు. జులై 10 నుంచి అన్నారు, పేపర్లు ఆరుకి తగ్గించారు, చివరికి జూన్ 20న రద్దు చేసి అందరూ పాసన్నారు. మధ్యలో ఆ మూడు నెలలు ఆ పిల్ల పుస్తకం మూయలేదు, తెరవనూ లేదు. ఏప్రిల్ రెండో వారంలో ఒకరోజు పాలు పొయ్యి మీద పెట్టి చూస్తుండమన్నాను. పొంగిపోయాయి. అర లీటరు పాలు. చేతిలో గరిటె ఉంది, కొట్టాను. ఒక దెబ్బతో ఆగలేదు. మోచెయ్యి దగ్గర వాచింది. అది ఏడవలేదు, నా వంక చూసి లోపలికి పోయింది. నేను కొట్టింది పాల కోసం కాదని నాకు తెలుసు. పొద్దున ఫైనాన్స్ వాళ్ళ ఫోను, మధ్యాహ్నం మాయన మాట, నాలుగు రోజులుగా నిద్ర లేకపోవడం, టీవీలో రోజంతా ఎన్ని కేసులు ఎన్ని చావులు అని ఎర్ర అక్షరాలు, అన్నీ కలిసి ఆ గరిటెలోకి వచ్చాయి. మన సంఘంలో పిల్లల్ని కొట్టొద్దని తీర్మానం రాసింది నా చెయ్యే.

ఆ రాత్రి మా సంఘంలో చిన్నామె ఒకామె గుర్తొచ్చింది. ఆమెకి రెండు రోజుల నుంచి ఫోన్ చేస్తుంటే ఎత్తడం లేదు. అప్పటికి అంత పట్టించుకోలేదు. తెల్లారి పాలకి వెళ్ళేటప్పుడు వాళ్ళింటి ముందు ఆగి, దూరంగా నిలబడి, అమ్మమ్మ చెప్పినట్టే గట్టిగా పిలిచాను. "ఏమే, ఎట్లా ఉన్నావు?" అని. చాలాసేపటికి బయటికొచ్చింది. మాట్లాడలేదు. మాస్కు పైన కళ్ళు చూస్తేనే అర్థమైంది. భర్తకి మందు దొరక్క చేతులు వణుకుడు, అరుపులు, కొట్టడం. రాత్రి తనకి ఇంక చాలు అనిపించిందని, పిల్లలు పడుకున్నాక చాలాసేపు పెరట్లో కూర్చున్నానని, పక్కింటి బిడ్డ ఏడిస్తే మళ్ళీ లోపలికి వచ్చానని చెప్పింది. నాకు కాళ్ళు ఆడలేదు.

మద్యం సంగతి మీకు తెలుసు. మార్చిలో షాపులు మూశారు, మే 4న తెరిచారు. ఆ నలభై రోజులు కొన్ని ఇళ్ళల్లో ఎన్నడూ లేని ప్రశాంతం. తాగడానికి దొరక్క మామూలు మనుషులయిన మగాళ్ళని చూసి పిల్లలు ఆశ్చర్యపోయారు. కొన్ని ఇళ్ళల్లో మాత్రం అది జబ్బు లాగా బయటపడింది. రోజూ బాగా తాగేవాళ్ళు ఒక్కసారి మానితే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, లేనివి కనపడటం, ఫిట్స్ కూడా రావచ్చని, అది డాక్టర్ చూడాల్సిన సంగతని మనకు తెలియదు, పొగరు అనుకుంటాం. అదే సంవత్సరం జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఇక ఆడవాళ్ళ మీద హింస. మార్చి 23 నుంచి ఏప్రిల్ 16 దాకా జాతీయ మహిళా కమిషన్‌కి గృహహింస ఫిర్యాదులు 239 వచ్చాయి, అంతకు ముందు అన్ని రోజుల్లో వచ్చినవి 123. ఫోన్ చేయగలిగిన వాళ్ళ లెక్క అది. ఫోన్ మొగుడి జేబులో ఉన్నవాళ్ళ లెక్క ఎవరు రాస్తారు?

ఆ చెల్లెలి ఇంటికి ఆశా అక్కని పిలిచాం. ఆమె పి.హెచ్.సి. డాక్టర్ గారితో ఫోన్లో మాట్లాడి అతనికి మందులు ఇప్పించింది. వారంలో వణుకు తగ్గింది. కొట్టడం సంగతి వేరే. దాని మీద గ్రామ సంఘం పెద్దలు ముగ్గురు, మాస్కులు కట్టుకుని, గుమ్మం బయట నిలబడి మాట్లాడారు. 181కి ఫోన్ చేస్తామని అతని ముందే చెప్పారు. ఆ మాటకి కొంత తగ్గాడు. పూర్తిగా మారాడని నేను రాయను.

ఆ రోజు సాయంత్రమే మేము ఫోన్ వరుస మొదలుపెట్టాం. మా సంఘంలో పదిమంది. ముగ్గురి దగ్గర స్మార్ట్ ఫోన్, నలుగురి దగ్గర బటన్ ఫోన్, మిగతా ముగ్గురికి సొంత ఫోన్ లేదు. జూమ్‌లో మీటింగ్ పెట్టమని ఎవరో సలహా చెప్పారు. నవ్వుకున్నాం. మా వరుస ఏంటంటే, రాత్రి ఏడున్నరకి ఒక్కొక్కరు ఇద్దరికి ఫోన్ చేయాలి. ఫోన్ లేని వాళ్ళకి పక్కింటి సభ్యురాలు గోడ మీద నుంచి పిలవాలి. ఎత్తకపోతే తెల్లారి ఇంటి ముందు నిలబడి పిలవాలి. మాట్లాడేది ఐదు నిమిషాలు. రెండే నియమాలు పెట్టుకున్నాం. కరోనా కేసుల లెక్కలు చెప్పుకోకూడదు, సలహాలు చెప్పకూడదు. రెండోది చాలా కష్టమైంది. మనకి ఎవరైనా బాధ చెబితే వెంటనే "నువ్వు సర్దుకుపోవాలమ్మా" అని అలవాటు. ఊరికే వినడం నేర్చుకోవడానికి మాకు రెండు వారాలు పట్టింది. మా పెద్ద వయసు సభ్యురాలు ఒకామె అయితే "ఊఁ" అని తప్ప ఏమీ అనేది కాదు, అందరూ ఆమెతోనే ఎక్కువ చెప్పుకునేవాళ్ళు.

టీవీ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 18నే చెప్పింది, కంగారు పెట్టే వార్తలు తగ్గించుకోండి, రోజుకి ఒకటి రెండుసార్లు చూస్తే చాలు అని. ఇది నాకు ఆశా అక్క చెప్పింది. మా ఇంట్లో పొద్దున ఏడింటికి ఒకసారి, రాత్రి ఏడింటికి ఒకసారి అని పెట్టాం. మావయ్య మొదట ఒప్పుకోలేదు, రిమోట్ దాచుకున్నారు. నాలుగు రోజులకి ఆయనకే నిద్ర పట్టడం మొదలైంది. వాట్సాప్‌లో వచ్చే కషాయాల సంగతి మాత్రం నా వల్ల కాలేదు, మా ఆడపడుచు రోజుకి మూడు పంపేది. అన్నీ తాగి ఉంటే కరోనా కంటే ముందు కడుపు పోయేది.

పొద్దుకి ఒక లెక్క లేకపోవడం మనిషిని ఎంత కుంగదీస్తుందో అప్పుడే చూశాను. బడి లేదు, ఆటో లేదు, ఏ రోజు ఏ వారమో తెలియదు. పది గంటలకి లేవడం, అర్ధరాత్రి దాకా ఫోన్. మా అమ్మాయి చేత ఒక అట్ట మీద రాయించాను. మీటింగ్ పుస్తకంలో గీతలు గీసినట్టే గీసింది. లేచే టైము, నీళ్ళు పట్టేది ఎవరు, గిన్నెలు ఎవరు, మధ్యాహ్నం రెండు నుంచి రెండున్నర దాకా అమ్మని ఎవరూ పిలవకూడదు. ఆ అరగంట అది తనంతట తనే రాసింది. నేను కొట్టిన మూడో రోజు అది. ఆ అరగంటలో నేను పెరట్లో వేపచెట్టు కింద కూర్చునేదాన్ని. ఏమీ చేసేదాన్ని కాదు. కళ్ళు మూసుకుని మెల్లగా గాలి పీల్చి, ఇంకా మెల్లగా వదలడం, అంతే. ఇరవైసార్లు లెక్కపెట్టేసరికి దవడలు వదులయ్యేవి. అప్పటిదాకా బిగించి ఉన్నానని కూడా తెలిసేది కాదు. మాయన గిన్నెలు తోమారు. పట్టికలో ఉంది కాబట్టి తోమారు, నేను చెబితే తోమేవారు కాదు. మొదట వీధిలోకి కనపడకుండా తలుపేసుకుని తోమారు, ఆనక తలుపు తీసే తోమారు.

చేతికి పని కూడా మందే. ప్రభుత్వం మనిషికి మూడు మాస్కులు ఇవ్వాలని, వాటిని మన సంఘాల చేత కుట్టించాలని నిర్ణయించింది. మా సంఘంలో మిషన్ ఉన్నది ఇద్దరికే. వాళ్ళు కుట్టారు, మిగతావాళ్ళం కత్తిరించడం, తాళ్ళు తిప్పడం, ఉతికి ఆరేయడం. డబ్బు పెద్దగా రాలేదు. కానీ ఆ పెరట్లో కూర్చుని ఇంట్లో కుంగిన చిన్నామె తాళ్ళు తిప్పుతూ మొదటిసారి నవ్వింది. ఏదో మాస్కు తాళ్ళు నలభై అంగుళాలు కత్తిరించిందంట, గేదెకి కట్టచ్చు అన్నారు ఎవరో. మిషన్ లేని ఊళ్ళో వాళ్ళు వడియాలు పెట్టారు, ఆవకాయ పెట్టారు. ముగ్గులు మాత్రం ప్రతి గుమ్మం ముందూ పెద్దవయ్యాయి, చూసేవాళ్ళు లేకపోయినా.

ఏది పనిచేయలేదో కూడా రాయాలి. దేవుడి దగ్గర దీపం పెట్టుకుని ఏడవడం కొంతమందికి ఊరట, కొంతమందికి ఏడుపు పెరగడం. నిద్రకి మెడికల్ షాపులో అడిగి బిళ్ళలు తెచ్చుకున్న వాళ్ళు ఇద్దరున్నారు. డాక్టర్ చెప్పకుండా అవి వేసుకోకూడదు, ఒకామెకి మానడానికి నెలలు పట్టింది. నిద్ర, ఆకలి రెండు వారాలకి మించి పోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది మనం వినడంతో తీరేది కాదు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. 2020 సెప్టెంబరులో కేంద్రం 'కిరణ్' అని మనసు సంబంధమైన ఉచిత ఫోన్ లైన్ పెట్టింది. అప్పట్లో దాని నంబరు 1800-599-0019. తెలుగులో మాట్లాడేవారు. ఈ నంబరు మా తీర్మాన పుస్తకం అట్ట వెనక రాసుకున్నాం.

జూన్‌లో మొదటి మీటింగ్ స్కూలు ఆవరణలో పెట్టాం, ముగ్గుపిండితో దూరదూరంగా గుండ్రాలు గీసి. ఆ రోజు పొదుపు కట్టింది ఆరుగురే. తీర్మానం రాయాలని పుస్తకం తెరిస్తే మార్చి తర్వాత పేజీలన్నీ ఖాళీ. ఆ ఖాళీ పేజీల మీద ఏం రాయాలని అడిగాను. ఒకామె "రోజూ మీటింగ్ జరిగింది అని రాయి" అంది. సి.సి. సార్ ఒప్పుకోరేమోనన్న అనుమానంతోనే రాశాను. ఆయన చూశారు, ఏమీ అనలేదు.

మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. ఆ గరిటె సంగతి నేను క్షమాపణ చెప్పాను, అది వెంటనే సరే అనలేదు. "తెలుసులే అమ్మా" అంది చాలా రోజుల తర్వాత, వేరే మాట మధ్యలో.

ఇది రాస్తున్నది 2021 మే నెలలో. ఈ నెల 5 నుంచి మళ్ళీ మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. ఈసారి జబ్బు మన ఊళ్ళోకే వచ్చింది, మన సమాఖ్యలో కొందరు తల్లుల్ని, భర్తల్ని పోగొట్టుకున్నారు. మా సంఘంలో ఇద్దరు ఇళ్ళల్లో ఐసోలేషన్‌లో ఉన్నారు. గడప అవతల అన్నం క్యారియర్ పెట్టి, దూరంగా నిలబడి పిలుస్తున్నాం. ఫోన్ వరుస మళ్ళీ మొదలైంది, ఈసారి గ్రామ సంఘంలో అన్ని సంఘాలూ చేస్తున్నాయి. ఈ రాత్రి నా వంతు ఇద్దరికి. ఒకామె ఆ చిన్నామె. ఏడున్నరకి ఇంకా పది నిమిషాలుంది, ఆమె ఎప్పుడూ నా కంటే ముందే చేస్తుంది.